లక్షన్నరలో ఎస్టీమ్ ఇంజిన్: ఉన్నదే గట్టిగా కట్టించనా, బలెనో 1.6 దింపనా, టర్బో పెట్టనా?

గుంటూరు_ఎస్టీమ్ | లక్ష్మీపురం, గుంటూరు

నమస్కారమండీ. 2006లో నాన్నగారు కొన్న మారుతి ఎస్టీమ్ ఇప్పుడు నా దగ్గరుంది. 1.3 లీటర్ల 16 వాల్వుల పెట్రోల్ ఇంజిన్, కొత్తలో 85 హార్స్‌పవర్. మీటరు లక్షా ఎనభై వేలు దాటింది. బాడీకి తుప్పు లేదు, గేర్లు ఇప్పటికీ మెత్తగా పడతాయి. ముసలిదైంది ఇంజినే. పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు నీలం పొగ. కాజ టోల్‌గేట్ దాటాక నాలుగో గేరులో తొక్కితే వెనక బైకువాడు పక్కకి తప్పుకునేంత పొగ. ఇంజిన్ ఆయిల్ వెయ్యి కిలోమీటర్లకి దాదాపు లీటరు తాగేస్తోంది.

ఎలాగూ విప్పించాలి, విప్పినప్పుడే కాస్త పవర్ పెంచుకుందామని ఆశ. బడ్జెట్ లక్షన్నర. టార్గెట్ 110 నుంచి 120 హార్స్‌పవర్. రోజూ బెజవాడ ఆఫీసుకి వెళ్లేది ఈ బండిలోనే. ఏడాదికోసారి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పాలని కోరిక. ఉన్న ఇంజినే బోరింగ్ (సిలిండర్లు కోసి పెద్దవి చేయడం) చేయించి కంప్రెషన్ పెంచడం, పాత బలెనో సెడాన్ 1.6 ఇంజిన్ స్క్రాప్‌లో కొని ఇందులో బిగించడం, లేదా ఇంజిన్‌లోకి గాలి నొక్కి పంపే చిన్న టర్బో. ఏది మేలు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

టర్బో_తమ్ముడు | పటమట

ఇందులో అడగడానికేముంది బ్రో? టర్బోయే. ఆన్‌లైన్‌లో చైనా టర్బో దొరుకుతుంది, మానిఫోల్డ్ ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయిస్తే సరి. 0.4 బార్ బూస్ట్ చాలు, 110 చేతిలో ఉన్నట్టే. ఇంజిన్ విప్పే పనే లేదు.

ఆటోనగర్_బాబాయ్ | విజయవాడ

వెయ్యికి లీటరు ఆయిల్ తాగే ఇంజిన్‌కి టర్బోనా తమ్ముడూ? పిస్టన్ చుట్టూ ఉండే రింగులు దాటి కిందికి దిగే గ్యాసు ఇప్పుడే ఎక్కువ. దాని మీద బూస్ట్ పెడితే డిప్‌స్టిక్ ఎగిరి బయట పడుతుంది.

గుంటూరు బాబూ, ముందు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకు. కంప్రెషన్ టెస్ట్ చేయించు. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ కనెక్టరు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని క్రాంక్ చేయాలి. తొక్కకుండా కొడితే రీడింగ్ తక్కువ వస్తుంది, మెకానిక్ నిన్ను ఊరికే భయపెడతాడు. తర్వాత ప్రతి సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టించు. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా ఇంజిన్ పై భాగం హెడ్‌కీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్. ఆ ఎనిమిది నంబర్లూ ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.

గుంటూరు_ఎస్టీమ్

చేయించాను బాబాయ్. ఆయిల్ లేకుండా వరసగా 165, 160, 120, 165 పీఎస్‌ఐ. ఆయిల్ పోశాక 180, 175, 160, 180. రేడియేటర్‌లో బుడగలు రావడం లేదు, అంటే గ్యాస్కెట్ బాగున్నట్టే.

ఆటోనగర్_బాబాయ్

మూడోది 120 నుంచి 160కి లేచింది కదా, రింగుల సంగతి తేలిపోయింది. అక్కడ రింగు విరిగిందో, బోరు గీసుకుపోయిందో విప్పితే గాని తెలియదు. నాలుగింటి మధ్య తేడా 15 పీఎస్‌ఐ దాటితేనే అనుమానించాలి, నీకు 45 ఉంది. పొద్దున స్టార్టింగ్‌లో పొగ వాల్వ్ సీల్స్‌ది, తొక్కినప్పుడు వచ్చేది రింగులది. నీ బండికి రెండు రోగాలూ ఉన్నాయి. పైన హెడ్ పనీ తప్పదు, కింద బ్లాకు పనీ తప్పదు.

లెక్కల_మాస్టారు | గుంటూరు

అందరూ హార్స్‌పవర్ అంటున్నారు, అదెక్కడి నుంచి వస్తుందో ఎవరూ చెప్పడం లేదు. పవర్ అంటే టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, ఆర్‌పీఎంతో గుణించిన లెక్క, అంతే. 6,000 ఆర్‌పీఎం దగ్గర 85 హార్స్‌పవర్ అంటే అక్కడ టార్క్ సుమారు 100 న్యూటన్ మీటర్లు. అదే టార్క్‌తో 110 కావాలంటే ఇంజిన్‌ని 7,700 పైన తిప్పాలి. క్రాంక్ తిరిగే వేగం పెరిగేకొద్దీ కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు దాని వర్గంతో పెరుగుతుంది. 6,000 నుంచి 7,700కి వెళ్తే ఆ బలం 65 శాతం ఎక్కువ. అప్పుడు కామ్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ), వాల్వ్ స్ప్రింగులు, రాడ్ బోల్టులు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అన్నీ మారాలి. లక్షన్నరలో అయ్యే పని కాదు.

కంప్రెషన్ పెంచితే ఎంతొస్తుందో కూడా చూద్దాం. నిష్పత్తి 9.5 ఉందనుకుని 10.5 చేశామనుకోండి. పుస్తకం లెక్కలో సామర్థ్యం పెరిగేది సుమారు 3 శాతం. అంటే 85 మీద రెండున్నర హార్స్‌పవర్. దీని కోసం హెడ్ మిల్లీమీటరు దాకా కోయించుకునేవాళ్లని చూశాను.

1.6 సంగతి. బలెనోది 75 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వ్యాసం), 90 స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం). ఎస్టీమ్‌ది 74 బోరు, 75.5 స్ట్రోకు. ఆ పొడవాటి స్ట్రోకు వల్ల కింది గేర్లలో లాగుడు బాగుంటుంది, పైకి తిప్పడానికి మాత్రం 1.3దే సుఖం. ఒకే ఆర్‌పీఎం దగ్గర 1.6లో పిస్టన్ దాదాపు 20 శాతం ఎక్కువ వేగంగా పరుగెత్తాలి. పైగా కంపెనీ లెక్కలో అది 94. అంత శ్రమా 9 హార్స్‌పవర్ కోసమా?

ఎన్‌హెచ్16_కుర్రాడు | ఎనికేపాడు

మాస్టారూ, కాగితం మీద 9 అనిపిస్తుంది గానీ రోడ్డు మీద తేడా అదిరిపోద్ది. మధ్య ఆర్‌పీఎంలో టార్క్ ఎంత పెరుగుతుందో లెక్కేయండి. వారధి దాటాక లారీని ఓవర్‌టేక్ చేయడానికి గేరు దించే పనే ఉండదు. రెండూ సుజుకీ జీ సిరీసే కాబట్టి జిప్సీ వాళ్లు, ఎస్టీమ్ వాళ్లు ఈ మార్పిడి ఎప్పటి నుంచో చేస్తున్నారు. 1.6 బ్లాకు ఎత్తు ఎక్కువ గనక బానెట్ కింద ఖాళీ చూసుకోవాలి. ఈసీయూ, వైరింగ్ కూడా ఆ బండివే తెచ్చుకోవాలి. ఇంజిన్ ఒక్కటే తెచ్చి వైరింగ్ తర్వాత చూద్దామనుకుంటే నెలల తరబడి బండి షెడ్డులోనే.

బండి_కాగితాలు | గుంటూరు

ఇంజిన్ సంగతి మీరు చూసుకోండి, నేను కాగితాల సంగతి చెబుతా. ప్రశ్న వేసినాయన బండి 2006ది. 15 ఏళ్లకి ఒకసారి, ఆపైన అయిదేళ్లకొకసారి రెన్యువల్. అంటే ఈ ఏడాది ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తించి ఇంజిన్ నంబరు చూస్తారు. ఆర్‌సీలో 1298 సీసీ అని ఉంటే లోపల 1590 సీసీ బ్లాకు కనబడిందనుకోండి, అక్కడితో ఆగిపోతుంది.

2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా ఆర్‌సీ వివరాలు మారేలా బండిని మార్చకూడదు. అదే ఏడాది చేసిన సవరణలో సెక్షన్ 182ఎ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. దీనికి తోడు ఇన్సూరెన్స్. యాక్సిడెంట్ అయినప్పుడు సర్వేయరు ఇంజిన్ నంబరు చూడకుండా వదలడు.

స్క్రాప్ ఇంజిన్ మీద ఇంకో మాట. అది ఏ బండిదో, ఆ బండి మీద పోలీసు కేసు ఉందో లేదో తెలియకుండా కొనకండి. బిల్లు ఇవ్వనివాడి దగ్గర ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

గుంటూరు_ఎస్టీమ్

ఇది నేను అసలు ఆలోచించలేదండీ. మరి ఇంకో ఎస్టీమ్ ఇంజినే దొరికితే? అదే 1298 సీసీ కదా.

బండి_కాగితాలు

అదే రకం ఇంజిన్ అయితే దారి ఉంది. బిల్లు, పాత ఆర్‌సీ వివరాలు పట్టుకుని ముందు ఆర్టీవో అనుమతి తీసుకుని, ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. నన్నడిగితే ఆ తిరుగుడు కూడా వద్దు. నంబరు పొడిచేది బ్లాకు మీద. బ్లాకు మీదే ఉంచుకుని హెడ్, క్రాంక్, పిస్టన్లు ఏది రిపేరు చేయించుకున్నా అది మరమ్మతే. చెక్కుచెదరని హెడ్ ఎక్కడైనా దొరికితే బిల్లుతో హెడ్ ఒక్కటే కొనుక్కోండి.

టర్బో_తమ్ముడు

ఇలా అయితే ఎవరూ ఏమీ చేయలేరు. సగం ఊరు బండ్లు మార్చుకునే తిరుగుతోంది. రాత్రి పదకొండు దాటాక బైపాస్ మీదకి వచ్చి చూడండి...

మోడరేటర్

తమ్ముడూ, ఆపు. రోడ్డు మీద రేసుల గురించి పెట్టిన రెండు పోస్టులు తీసేశాను, మూడోది వస్తే ఐడీ కూడా పోతుంది. పోటీ కావాలంటే ట్రాకులున్నాయి, ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశ మోటార్ స్పోర్ట్స్ సంఘం) లైసెన్సు ఉంది. టర్బో గురించి మాత్రం వాదించుకోండి, అభ్యంతరం లేదు.

లెక్కల_మాస్టారు

తమ్ముడి మాటలో సగం న్యాయం ఉంది. ఆర్‌పీఎం పెంచి పవర్ తెచ్చుకోవడం కన్నా గాలి ఎక్కువ నింపి టార్క్ పెంచుకోవడం ఇంజిన్‌కి సుఖం. చాలా కార్ల కంపెనీలు చిన్న టర్బో ఇంజిన్ల వైపు వెళ్లడానికి అదొక కారణం. కాకపోతే మన ఊరి ఎండ లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో బయట 45 డిగ్రీలుంటుంది. ఆ గాలిని 0.4 బార్ నొక్కితే, ఒక మోస్తరు టర్బోలోంచి బయటికొచ్చేసరికి 90 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ లేకపోతే ఆ వేడి గాలే సిలిండర్‌లోకి వెళ్తుంది. నాకింగ్ (ఆ వేడికి మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలయ్యాక పిస్టన్ రింగు గట్టు విరగడానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి టర్బో ధర ఒక్కటే లెక్కేస్తే కుదరదు. ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, ట్యూన్ చేయగలిగే ఈసీయూ, గాలి, పెట్రోలు పాళ్లు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్, ఆయిల్ లైన్లు, ఆ తర్వాత డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూనింగ్. లక్షన్నర వీటికే చాలదు, ఇంజిన్ రిపేరుకి ఇక మిగిలేదేమీ ఉండదు.

పోలో_బెజవాడ | కానూరు

అందరూ కోప్పడతారని తెలిసీ అంటున్నా. పవరే కావాలంటే కంపెనీ టర్బోతో వచ్చిన సెకండ్‌హ్యాండ్ బండి కొనుక్కోవచ్చుగా? ఫియట్ లీనియా టీ-జెట్ 114 హార్స్‌పవర్, 207 న్యూటన్ మీటర్లు. బలెనో ఆర్‌ఎస్ 102, 150. పోలో జీటీ టీఎస్‌ఐ 105, 175. ఆర్‌సీ గొడవ లేదు, ఇన్సూరెన్స్ గొడవ లేదు, వారంటీ అయిపోయినా మాన్యువల్ పుస్తకం ఉంటుంది. ఎస్టీమ్ అమ్మగా వచ్చిన డబ్బు, ఈ లక్షన్నర, ఇంకొంత కలిపితే వీటిలో ఒకదాని దగ్గరికి వెళ్లొచ్చు.

ఎన్‌హెచ్16_కుర్రాడు

ఫియట్ మన దేశంలో కార్లు అమ్మడం మానేసింది బ్రో, టీ-జెట్ పార్టు కోసం ఎక్కడెక్కడ వెతకాలో! ఇక ఆ పోలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో మెకట్రానిక్స్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) పోతే ఎస్టీమ్ ఇంజిన్ రెండుసార్లు కట్టించుకోవచ్చు.

పోలో_బెజవాడ

ఒప్పుకుంటా. అందుకే కొనేముందు స్కానర్ పెట్టి చూసుకోవాలి. అయినా ఇరవై ఏళ్ల బండి మీద పెట్టిన డబ్బు తిరిగి రాదన్నది కూడా నిజమే కదా.

గుంటూరు_ఎస్టీమ్

అమ్మే ప్రశ్నే లేదండీ. నాన్నగారు ఇప్పటికీ ఆదివారం పూట దాన్ని తనే తుడుస్తారు. అమ్ముతానంటే నన్నే అమ్మేస్తారు.

బాబాయ్, మీరే చెప్పండి. బ్లాకు నాదే ఉంచితే లక్షన్నరలో ఎంత వరకు వెళ్లొచ్చు?

ఆటోనగర్_బాబాయ్

కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నీ ఇంజిన్ ఇప్పుడు 85 ఇవ్వడం లేదు. ఆ కంప్రెషన్‌తో డెబ్బై లోపే ఉంటుంది. ముందు పోయినదాన్ని వెనక్కి తెచ్చుకుంటే పదిహేను హార్స్‌పవర్ దాకా కొత్తగా వచ్చినట్టే నీ కాలికి తెలుస్తుంది. ఆపైన ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ శుభ్రంగా కుదిరితే తొంభై దాటుతుంది. 110 గురించి మర్చిపో.

బోరింగ్ దగ్గరే సగం ఇంజిన్లు పాడవుతాయి. ముందు పిస్టన్లు కొను, తర్వాతే బ్లాకు లేత్ మీద పెట్టించు. 0.50 ఓవర్‌సైజ్ (అర మిల్లీమీటరు పెద్దది) అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన నాలుగు పిస్టన్లూ ఒకే కొలత ఉండవు. స్కర్టు దగ్గర మైక్రోమీటరుతో ఒక్కోదాన్నీ కొలిచి, దానికి తగ్గట్టు ఒక్కో బోరు కోయాలి. పిస్టన్ చేతిలో లేకుండా బోరింగ్ చేయించడమంటే మనిషిని చూడకుండా చొక్కా కుట్టించడమే. కోసేముందు బోరు గేజ్‌తో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లోనూ కొలవమను. ఆ ఆరు కొలతలు కాగితం మీద రాసివ్వని షాపులో పని ఇవ్వకు. 0.25లో గీతలు పోతే 0.50కి వెళ్లనవసరం లేదు, మళ్లీ ఒకసారి కోయడానికి లోహం మిగులుతుంది. బోరింగ్ అయ్యాక హోనింగ్ గీతలు అడ్డదిడ్డంగా కాకుండా ఒక కోణంలో ఒకదాన్నొకటి దాటుతూ ఉండాలి. ఆయిల్ నిలబడేది వాటిలోనే.

అన్నట్టు 0.50 వేస్తే నీది 1316 సీసీ అవుతుంది. దాన్ని చూపించి 'స్ట్రోకర్ ఇంజిన్' (స్ట్రోకు పెంచిన ఇంజిన్) అని చెప్పుకు తిరిగేవాళ్లున్నారు, నువ్వు తిరగకు.

బ్యాలెన్సింగ్‌కి పెద్ద మెషిన్లు అక్కర్లేదు. నేను వన్‌టౌన్‌లో బంగారం తూచే చిన్న కాటా కొన్నాను. పిస్టన్, పిన్ను, రింగులు కలిపి నాలుగు సెట్లూ తూచి, అన్నిటికన్నా తేలికైనదానికి మిగతావాటిని దించుతా. పిన్ను బాస్ లోపలి వైపు సన్నగా గీకుతా, పైన ముట్టుకోను. కనెక్టింగ్ రాడ్లు పెద్ద చివర ఒకసారి, చిన్న చివర ఒకసారి తూయాలి. ఖర్చు దాదాపు సున్నా. అయిదు వేల ఆర్‌పీఎం దగ్గర స్టీరింగ్ పట్టుకుంటే తేడా తెలుస్తుంది.

హెడ్ ఫేసింగ్ (అడుగు చదునుగా కోయడం) వంకర పోయేంత మేరకే. ఎక్కువ కోస్తే కామ్‌కీ క్రాంక్‌కీ మధ్య దూరం తగ్గి, బెల్టు వల్ల కామ్ టైమింగ్ కాస్త వెనక్కి జరుగుతుంది. కుర్రాళ్లు కంప్రెషన్ పెరిగిందని సంబరపడతారు గానీ కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గేది అందుకే. వాల్వ్ సీట్లు మూడు కోణాల్లో కోయించు, సీల్స్ కొత్తవి వేయించు. పోర్టులు (హెడ్‌లో గాలి వెళ్లే దారులు) పెద్దవి చేయొద్దు. గ్యాస్కెట్ దగ్గర అడ్డు తగిలే అంచు ఉంటే నున్నగా చేస్తే చాలు. సన్నని పోర్టులో గాలి జోరుగా వెళ్తుంది, ఊళ్లో తిరిగే బండికి అదే కావాలి.

ఇంజిన్‌కి మొత్తం బడ్జెట్ తగలెయ్యకు. నలభై వేలు పక్కన పెట్టి టైర్లు, బ్రేకు ప్యాడ్లు, గొట్టాలు, డంపర్లు చూసుకో. గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి 120కి వెళ్తే బ్రేకులు ఆపాల్సిన శక్తి 44 శాతం పెరుగుతుంది, ఈ లెక్క మాస్టారిదే.

గొల్లపూడి_డ్రైవర్ | గొల్లపూడి

బాబాయ్, ఎండాకాలం వస్తోంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు వెళ్లకుండా ఆపే వాల్వు) తీసేయించమని చెప్పండి ఈయనకి. మా బండ్లన్నిటికీ తీసేశాం, వేడెక్కడమే లేదు.

ఆటోనగర్_బాబాయ్

అదొక్కటి మాత్రం చేయొద్దు! మన దగ్గర ఏప్రిల్ రాగానే థర్మోస్టాట్ పీకేయడం ఆచారమైపోయింది. అది తీస్తే ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు. ఈసీయూ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ కొడుతుంది. ఆ పెట్రోలు గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగుతుంది, కొత్త రింగులు ఏడాదిలో అరిగిపోతాయి. బండి వేడెక్కుతుంటే థర్మోస్టాట్ ఒక్కటే కారణం కాదు, రేడియేటర్ గొట్టాల్లో ఉప్పు పేరుకుపోయి ఉండొచ్చు. బోరు నీళ్లు పోసేవాళ్ల రేడియేటర్ విప్పి చూస్తే తెల్లగా గట్టిగా అట్ట కట్టి ఉంటుంది. రేడియేటర్ రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించి, కూలెంట్ డిస్టిల్డ్ నీళ్లతో సగం సగం కలిపి పోయించు.

గొల్లపూడి_డ్రైవర్

మా మైలేజ్ తగ్గింది అందుకేనా అయితే...

లెక్కల_మాస్టారు

ఇంకో సంగతి మర్చిపోయారు అందరూ. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. పెట్రోలుకి గాలి నిష్పత్తి 14.7 అయితే ఇథనాల్‌కి 9. ఈ20కి సుమారు 13.5 వస్తుంది. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం కొట్టాలి. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ సర్దుకుంటుంది. పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం 2006 నాటి ఈసీయూ తన పాత పట్టికనే నమ్ముతుంది, మిశ్రమం పలచబడుతుంది. ఇంజెక్టర్లు శుభ్రం చేయించండి, సెన్సర్ పాతదైతే మార్పించండి. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ కాబట్టి నాకింగ్ విషయంలో లాభమే. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలు మాత్రం ఇథనాల్‌కి ఆగేవి వేయించాలి. ఇంజిన్ బే వేడికి పగిలిన గొట్టంలోంచి పెట్రోలు కారితే అది పవర్ సమస్య కాదు, ప్రాణం సమస్య.

గుంటూరు_ఎస్టీమ్

అందరికీ థాంక్స్. నా బ్లాకే, నా నంబరే. ఇంజిన్ దించేశారు. మూడో సిలిండర్‌లో పై రింగు రెండు ముక్కలైంది, గోడ మీద గోరుకి తగిలేంత గీత. 0.25తో పోదని తేలింది, 0.50 పిస్టన్లు రేపు వస్తున్నాయి. హెడ్ వంకర లేదు, సీట్లు కోయడానికిచ్చాను.

రెండు సందేహాలు. రింగు గ్యాప్ (రింగు రెండు చివరల మధ్య సందు) ఎంత ఉంచాలి? లేత్ ఆయన 'కంపెనీ నుంచి వచ్చినట్టే వేసెయ్, కొలవక్కర్లేదు' అంటున్నారు. ఇంకోటి, కొత్త ఇంజిన్‌ని మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటకుండా నడపమంటున్నారు, నిజమేనా?

ఆటోనగర్_బాబాయ్

కొలవాలి. పిస్టన్ పెట్టిలో గ్యాప్ షీటు ఉంటే దాని ప్రకారం వెళ్లు. లేకపోతే బోరు వ్యాసంలో వెయ్యికి నాలుగు వంతులు పాత లెక్క. 74.5కి సుమారు 0.30 మిల్లీమీటర్లు. రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌ని తలకిందులుగా తోసి నిటారుగా కూర్చోబెట్టి, ఫీలర్ గేజ్ దూర్చి చూడు. ట్రాక్ మీద తిప్పుతానన్నావు కాబట్టి పై రింగుకి 0.35 ఉన్నా పరవాలేదు. తక్కువ మాత్రం ఉండకూడదు. వేడికి చివరలు రెండూ తగులుకుంటే ఇప్పుడు విరిగినట్టే మళ్లీ విరుగుతుంది. గ్యాప్ తక్కువైతే సన్నని ఆకురాయితో ఒక వైపు నుంచే రాయాలి.

నలభై దాటొద్దన్నది పాత మాట. రింగులు గోడకి కుదురుకోవాలంటే లోడు కావాలి. మొదట మామూలు మినరల్ ఆయిల్ పోయించు, సింథటిక్ తర్వాత. వేడెక్కాక మూడో గేరులో సగం పైగా తొక్కి 4,000 దాకా తీసుకెళ్లి, కాలు తీసి దానంతట అదే దిగనివ్వు. మంగళగిరి వైపు పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు ఇలా నడుపు. ఒకే వేగంలో గంటల తరబడి వెళ్లకు, ట్రాఫిక్‌లో ఐడిల్ మీద ఎక్కువ సేపు ఉంచకు. రెండొందల కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చెయ్. తీసిన ఆయిల్‌లో అయస్కాంతం తిప్పి చూడు, సన్నటి పొడి మామూలే, తునకలు కనబడితే బండి ఆపి నాకు మెసేజ్ పెట్టు.

బండి_కాగితాలు

పిస్టన్ల బిల్లు, బోరింగ్ బిల్లు దాచుకోండి. బ్లాకు కడిగించేటప్పుడు నంబరు ఉన్న చోట వైరు బ్రష్‌తో గట్టిగా రుద్దనివ్వకండి, చెరిగితే ఇన్‌స్పెక్షన్‌లో లేనిపోని ప్రశ్నలు. ఇప్పుడే ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

టర్బో_తమ్ముడు

సరే బ్రో, టర్బో వద్దన్నారుగా. ఆ విరిగిన రింగు ఫొటో అయినా పెట్టు.